కందెనను కడుపులో దాచుకునే సిరామిక్: ఏడు దశాబ్దాల వాదాలు, తేలని లెక్కలు

సమస్య స్వరూపం

అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ నైట్రైడ్, సిలికాన్ కార్బైడ్ వంటి ఇంజనీరింగ్ సిరామిక్కులు ఉక్కు మెత్తబడే వేడిలోనూ గట్టిగా నిలబడతాయి, తుప్పు పట్టవు, బరువులోనూ తేలిక. సిలికాన్ నైట్రైడ్ సాంద్రత ఉక్కు సాంద్రతలో సగం కూడా ఉండదు. ఇన్ని సుగుణాలున్న పదార్థాన్ని బేరింగుకో, లోహాన్ని కోసే పనిముట్టుకో, ఇంజను సిలిండరుకో వాడబోతే మొట్టమొదట అడ్డు తగిలేది ఘర్షణ. నూనె లేకుండా ఒక సిరామిక్ తలం మీద మరొకటి జారినప్పుడు ఘర్షణ గుణకం, అంటే అదిమి ఉంచిన బలంలో ఎన్నో వంతు బలం పెడితే వస్తువు జారుతుందో చెప్పే సంఖ్య, సాధారణంగా 0.5 నుంచి 0.9 దాకా ఉంటుంది. అంత రాపిడికి తలం మీద పుట్టే లాగుడు ఒత్తిడిని పెళుసు పదార్థం తట్టుకోలేదు. సన్నని పగుళ్లు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి, తలం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

నూనెతో ఈ చిక్కు తీర్చుకోవచ్చు గానీ, సిరామిక్ నిజంగా అక్కరకు వచ్చే చోట్ల నూనె నిలవదు. మామూలు నూనెలు 250, 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మాడిపోతాయి. అంతరిక్షపు శూన్యంలో మెల్లగా ఆవిరైపోతాయి. అందుచేత గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్, కాల్షియం ఫ్లోరైడ్, వెండి వంటి ఘన కందెనలను, అంటే రెండు తలాల మధ్య తాము తెగి జారిపోతూ ఆ తలాలను కాపాడే మెత్తని ఘన పదార్థాలను, సిరామిక్ తయారీ సమయంలోనే దాని లోపల కలిపేయాలన్న ఆలోచన పుట్టింది. తలం అరిగే కొద్దీ లోపలి కందెన బయటపడి పల్చని పొరగా పరుచుకుంటుందనీ, ఆ పొర పోతే మరికొంత బయటికి వస్తుందనీ ఆశ. ఇలా తయారయ్యే పదార్థాలనే స్వయం కందెన సిరామిక్ సంయుక్తాలు అంటారు.

ఏ కందెన మేలు, ఎంత కలపాలి, ఎలా కలపాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూ పరిశోధన విస్తారంగా పెరిగింది. ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఒక ప్రయోగశాల మెచ్చుకున్న మిశ్రమం మరో ప్రయోగశాలలో సాదా సిరామిక్ కంటే త్వరగా అరిగిపోయిన సందర్భాలు తక్కువేమీ కావు. చిక్కుముడికి మూలం కందెన ఎంపికలో కంటే సరఫరా లెక్కలో ఉందన్నది ఈ సమీక్ష అభిప్రాయం: కందెన ఏ వేగంతో తలానికి చేరుతోంది, ఏ వేగంతో తలం నుంచి పోతోంది అన్నది తేల్చకుండా పదార్థాలకు ర్యాంకులు ఇవ్వడం వల్లనే వాదం ఇంతగా ముడిపడింది.

పూర్వరంగం

మాలిబ్డినం డైసల్ఫైడ్ స్ఫటిక నిర్మాణాన్ని 1923లో రాస్కో డికిన్సన్, లైనస్ పాలింగ్ ఎక్స్ కిరణాల సాయంతో తేల్చారు. మాలిబ్డినం పరమాణువుల వరస రెండు గంధకపు వరసల నడుమ ఇరుక్కుని ఒక పలకగా ఏర్పడుతుంది. పలక లోపలి బంధాలు బలమైనవి, పలకకూ పలకకూ మధ్య బంధం బలహీనం. గ్రాఫైట్ నిర్మాణం కూడా ఇలాంటి పలకలదే కాబట్టి, రెండూ ఒకే కారణంగా జారుతాయని చాలాకాలం నమ్మారు.

ఆ నమ్మకాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాలు కదిలించాయి. బాగా ఎత్తున ఎగిరే విమానాల జనరేటర్లలోని కార్బన్ బ్రష్షులు నేల మీద ఎంతోకాలం మన్నేవే అయినా, పైకి వెళ్లగానే చూస్తుండగా పొడిగా రాలిపోయేవి. పై గాలిలో తేమ లేకపోవడమే దానికి కారణమని ఆర్. హెచ్. సావేజ్ 1948 నాటి పరిశోధనా వ్యాసంలో నిరూపించాడు. కొద్దిపాటి నీటి ఆవిరి తగిలితే గ్రాఫైట్ మళ్లీ జారుడు గుణం తెచ్చుకుంటుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ స్వభావం ఇందుకు సరిగ్గా విరుద్ధం. తేమ దానికి చేటు, శూన్యం మేలు. అత్యంత శుద్ధమైన శూన్యంలో దాని ఘర్షణ గుణకం 0.002 కంటే కిందికి దిగినట్టు ఫ్రాన్సులో మార్టిన్, డొనే బృందం 1993లో చూపింది. జారుడు గుణం పదార్థానికి పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, పదార్థమూ దాని చుట్టూ ఉన్న వాతావరణమూ కలిసి పుట్టించేదన్న ఈ పాఠాన్ని తరువాతి పరిశోధకులు చాలామంది చదివారు గానీ, తమ ప్రయోగాల్లో తగినంతగా పాటించలేదు.

సిద్ధాంత పక్షాన కేంబ్రిడ్జికి చెందిన బౌడెన్, టేబర్ 1950 నాటి గ్రంథంలో ఘర్షణ బలాన్ని రెండు అంశాల లబ్ధంగా వివరించారు: నిజంగా ఆనుకున్న వైశాల్యం ఒకటి, ఆ ఆనికను కోయడానికి కావలసిన బలం రెండోది. అడుగు గట్టిగా ఉంటే ఆనిక తగ్గుతుంది, పై పొర మెత్తగా ఉంటే కోత బలం తగ్గుతుంది. కాబట్టి గట్టి పునాది మీద పల్చని మెత్తని పొర ఉండటమే ఉత్తమమైన ఏర్పాటు. సిరామిక్ కంటే గట్టి పునాది ఏముంటుంది? స్వయం కందెన సంయుక్తాల తర్కమంతా ఈ ఒక్క వివరణ నుంచే పుట్టిందనవచ్చు.

పరిశ్రమ వైపు నుంచి ఒత్తిడి తెచ్చింది ఇంజన్లు. 1970ల చివరి నుంచి కామో, బ్రిజిక్ నాయకత్వంలో కమిన్స్ సంస్థా, అమెరికా సైన్యపు వాహన పరిశోధన విభాగమూ కలిసి, వేడిని బయటికి పోనివ్వని సిరామిక్ లైనింగుల డీజిల్ ఇంజను మీద పనిచేశాయి. చల్లబరిచే ఏర్పాటు తీసేస్తే పిస్టను, సిలిండరు తలాలు ఏ నూనే నిలవనంత వేడెక్కుతాయి. ఆ ఇంజను బజారుకు రాలేదు గానీ, అధిక ఉష్ణోగ్రతల కందెన అనే ప్రశ్నను మాత్రం ఒక తరం పరిశోధకుల ముందు నిలబెట్టి పోయింది.

పూత ఎందుకు చాలదు

ఘన కందెనను తలం మీద పూతగా పూస్తే సరిపోదా అన్న అనుమానానికి గెలీలియో వ్యోమనౌక సమాధానం చెప్పింది. 1989 అక్టోబరులో బయల్దేరిన ఆ నౌక 1991 ఏప్రిల్‌లో తన 4.8 మీటర్ల ప్రధాన యాంటెన్నాను గొడుగులా విప్పబోతే, కొన్ని ఊచలు బిగుసుకుపోయి అది సగంలోనే ఆగిపోయింది. ఊచలను పట్టి ఉంచిన టైటేనియం మేకుల మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ ఆధారిత పూత ఉండేది. చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన ప్రమాదంతో ప్రయోగం వాయిదా పడటం వల్ల నౌక కాలిఫోర్నియాకూ ఫ్లోరిడాకూ మధ్య లారీ మీద పలుమార్లు తిరిగింది. ఆ కుదుపులకు మేకులు తమ గూళ్లలో గాలిలో, అంటే ఆ కందెనకు గిట్టని వాతావరణంలో, రాసుకుని పూతను పోగొట్టుకున్నాయన్నది దర్యాప్తు చేసినవారు అత్యంత సంభావ్యమని ఎంచిన కారణం. నౌక బృహస్పతిని చేరి చిన్న యాంటెన్నాతోనే పని నెగ్గించుకొచ్చింది, పంపగలిగిన సమాచారం మాత్రం బాగా కుదించుకుపోయింది. పూతకు వెనక నిల్వ ఉండదు, పోయింది పోయినట్టే. నిల్వ ఉండాలంటే కందెన పదార్థం కడుపులోనే ఉండాలి.

తయారీలోనే ఉన్న వైరుధ్యం

కడుపులో పెట్టడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. సిరామిక్‌ను లోహంలా కరిగించి పోత పోయరు. మెత్తని పొడిని అచ్చులో అదిమి, కరగనివ్వకుండానే రేణువులు ఒకదానికొకటి అతుక్కునేంత వేడిలో కాలుస్తారు. ఈ ప్రక్రియ పేరు సింటరింగ్. అల్యూమినాకు అందుకు దాదాపు 1500 నుంచి 1650 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో కందెనల గతి చూస్తే, వెండి 962 డిగ్రీలకే కరిగి ముద్ద లోంచి చెమటలా బయటికి కారుతుంది, కొంత ఆవిరవుతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ గాలిలో 400 డిగ్రీల దాపునే ఆక్సీకరణ చెందుతుంది, శూన్యంలో సైతం వెయ్యి దాటాక గంధకాన్ని వదులుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ 1418 డిగ్రీలకు ద్రవమవుతుంది. వేడికి తట్టుకునే షట్కోణ బోరాన్ నైట్రైడ్ మరో రకంగా అడ్డుపడుతుంది: దాని పలకలు రేణువుల మధ్య అడ్డంగా నిలిచి ముద్ద చిక్కబడకుండా రంధ్రాలు మిగులుస్తాయి.

కాల్పు గట్టెక్కినా చల్లారేటప్పుడు మరో గండం ఉంది. కాల్షియం ఫ్లోరైడ్ వ్యాకోచ గుణకం అల్యూమినా గుణకానికి రెట్టింపుకు పైనే కాబట్టి, చల్లారుతున్నప్పుడు కందెన రేణువు తన గూటి కంటే ఎక్కువగా ముడుచుకుని గోడల నుంచి విడిపోవడానికి లాగుతుంది. ఆ లాగుడు పోగుపడిన చోట వెంట్రుక పగుళ్లు పుడతాయి.

ఇక మోతాదు. తలం మొత్తం కందెన పొర పరుచుకోవాలంటే కందెన ఎక్కువ కావాలి. సిరామిక్ బలం నిలవాలంటే అది తక్కువ ఉండాలి. సమాన పరిమాణపు రేణువులను ఎటుపడితే అటు కలిపినప్పుడు, ఒక భాగం ఘనపరిమాణంలో దాదాపు 16 శాతం దాటితే దాని రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ ముద్ద ఈ కొస నుంచి ఆ కొస దాకా గొలుసుకడతాయని సిద్ధాంతం చెబుతుంది. కందెన గొలుసు కట్టిందంటే పగులుకు రహదారి వేసినట్టే. ప్రచురితమైన సంయుక్తాల్లో ఎక్కువ వాటిలో కందెన 5 నుంచి 20 శాతం మధ్యనే తచ్చాడటం యాదృచ్ఛికం కాదు.

ఈ వైరుధ్యాన్ని దాటడానికి పరిశోధకులు ఎంచుకున్న దారులను బట్టి స్థూలంగా మూడు పక్షాలు కనబడతాయి.

మొదటి పక్షం: సరైన మేళవింపు

సరైన కందెనలను సరైన పాళ్లలో కలిపితే చాలునన్నది పాత పక్షం, ఇప్పటికీ బలమైన పక్షం. దీని పుట్టిల్లు అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని నాసా లూయిస్ కేంద్రం. ఇప్పుడు దాని పేరు గ్లెన్ కేంద్రం. హెరాల్డ్ స్లైనీ 1960ల నుంచి కాల్షియం, బేరియం ఫ్లోరైడుల మిశ్రమాన్ని పరిశీలించాడు. ఈ ఫ్లోరైడులు చల్లగా ఉన్నప్పుడు పెళుసు. సుమారు 400, 500 డిగ్రీలు దాటాక మెత్తబడి సాగే గుణం తెచ్చుకుని, 900 డిగ్రీల దాకా కందెనగా పనిచేస్తాయి. వెండి ఇందుకు జోడీ: గది ఉష్ణోగ్రత నుంచే మెత్తగా ఉండి, ఫ్లోరైడులు మేలుకునే దాకా పని నడిపిస్తుంది. ఈ జోడీతో వచ్చిన పీఎం 212 అనే సంయుక్తంలో లోహంతో బంధించిన క్రోమియం కార్బైడ్ 70 శాతం, వెండి 15, ఫ్లోరైడులు 15 శాతం బరువులో ఉంటాయి.

తరువాత క్రిస్టఫర్ డెల్లాకోర్టే నడిపిన పరిశోధన ఈ పక్షం బలాన్నీ బలహీనతనూ ఒకేచోట చూపుతుంది. పీఎస్ 304 అనే పూత మిశ్రమంలో నికెల్-క్రోమియం 60, క్రోమియం ఆక్సైడు 20, వెండి 10, ఫ్లోరైడులు 10 పాళ్లు. గాలి పొర మీద తేలుతూ తిరిగే రేకు బేరింగుల ఇరుసులకు ఇది బాగా పనికొచ్చింది. అయితే వేడిలో బంధక లోహం లోంచి క్రోమియం విడిపడి పూత ఉబ్బేది. ఆ లోపం దిద్దడానికి వచ్చిన పీఎస్ 400లో బంధక లోహాన్ని మార్చి, వెండినీ ఫ్లోరైడులనూ చెరి 5 పాళ్లకు కుదించారు. కొలతలు నిలకడగా నిలిచాయి, తలం నునుపు తేలింది. బదులుగా, కందెన తగ్గింది కాబట్టి, ముందుగా అధిక ఉష్ణోగ్రతలో కొంతసేపు రాపిడి చేయించి పొర కట్టించవలసి వచ్చింది. ఇవి లోహం బంధించిన మిశ్రమాలే తప్ప శుద్ధ సిరామిక్కులు కావు. అయినా మోతాదు తగ్గిస్తే పొర ఆలస్యమవుతుందన్న బేరం శుద్ధ సిరామిక్కులకూ వర్తిస్తుంది.

శుద్ధ సిరామిక్ మాతృకలో, అంటే కందెనను పట్టి ఉంచే మూల పదార్థంలో, ఇదే దారి తొక్కినవారిలో చైనాలోని షాన్‌డాంగ్ విశ్వవిద్యాలయపు డెంగ్ జియాన్‌షిన్ బృందం ముఖ్యమైనది. అల్యూమినా, టైటేనియం కార్బైడ్ మిశ్రమంలో కాల్షియం ఫ్లోరైడ్ కలిపి, వేడిలో అదిమి కోత పనిముట్లు తయారు చేశారు. కత్తి మొన వెనక తలం మీదుగా వేడి లోహపు తునక రాసుకుంటూ జారిపోతున్నప్పుడు అక్కడి వేడికి ఫ్లోరైడ్ మెత్తబడి, తునక లాగిన దిక్కుకే పరుచుకుని పల్చని పొర కడుతుంది. అంటే కత్తికి ఎక్కడ ఎక్కువ రాపిడి ఉందో అక్కడే కందెన చేరుతుంది. ఈ ఏర్పాటులో ఒక అందముంది. కాఠిన్యం, వంపు బలం తగ్గడం మాత్రం తప్పలేదు.

జపాన్ పరిశోధకులు మురకామి, ఔయాంగ్, ససాకి, ఉమెదలు 2000లలో బేరియం, స్ట్రాన్షియం సల్ఫేటులను అల్యూమినాలో కలిపి పరీక్షించారు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ప్రపంచంలోకెల్లా పెద్ద నిల్వల్లో ఒకటిగా పేరుపడ్డ ముగ్గురాయి ఈ బేరియం సల్ఫేటే. చమురు బావుల తవ్వకానికి పొడిగా ఎగుమతయ్యే ఈ రాయికి ఇంత విలువైన ఉపయోగం ఉండగలదన్న సంగతి మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు.

రెండో పక్షం: రాపిడిలోనే పుట్టే కందెన

కందెనను ముందే కలిపి కాల్పులో పాడుచేసుకోవడం ఎందుకు, రాపిడి వేడికీ గాలికీ అదే పుట్టేలా మాతృకను ఎంచుకుంటే సరిపోదా అన్నది రెండో పక్షం వాదన. ఆర్గాన్ ప్రయోగశాలకు చెందిన అలీ ఎర్డెమిర్ 2000లో దీనికొక కొలమానం ప్రతిపాదించాడు. లోహ అయాను ఆవేశాన్ని దాని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే అయానిక పొటెన్షియల్ ఎక్కువైన ఆక్సైడులు తేలిగ్గా తెగి జారుతాయి, తక్కువైనవి మొండిగా అతుక్కుంటాయి. అల్యూమినాకు ఆ విలువ ఇంచుమించు 6, బోరాన్ ఆక్సైడుకు 12 దాపు. వనేడియం, మాలిబ్డినం, టంగ్‌స్టన్ ఆక్సైడులు ఈ రెంటి నడుమ వస్తాయి. అందుకే అల్యూమినాలో మాలిబ్డినం లోహాన్ని కలిపితే, 600 డిగ్రీలు దాటాక తలం మీద మాలిబ్డినం ఆక్సైడు పుట్టి ఘర్షణను దించుతుంది. బోరైడు సిరామిక్కుల మీద బోరాన్ ఆక్సైడు పుట్టి, తేమ తగిలితే జారుడు పలకల బోరిక్ ఆమ్లంగా మారుతుంది.

ఈ పక్షంలోనే మరో శాఖ ఆక్సిజన్ కొరవడిన టైటేనియం ఆక్సైడుల మీద ఆశలు పెట్టుకుంది. స్వీడన్ స్ఫటిక శాస్త్రవేత్త ఆర్నే మాగ్నెలీ పేరుతో వ్యవహరించే ఈ రూపాల్లో ఆక్సిజన్ లోటు తలాల వెంట కోత సులువవుతుందని అమెరికాలో గార్డోస్, బెర్లిన్‌లో వోయిట్ వాదించారు. ప్రయోగాల్లో తేలింది వేరు: ఈ రూపాలు అరుగుదలను గణనీయంగా తగ్గించాయి, ఘర్షణను ఆశించినంత తగ్గించలేదు. ఘర్షణ తగ్గడమూ అరుగుదల తగ్గడమూ ఒకటి కావన్న ప్రాథమిక సత్యాన్ని ఇంత స్పష్టంగా చాటిన ఉదాహరణ మరొకటి లేదు.

రెండో పక్షానికి ఎదురయ్యే అభ్యంతరాలు గట్టివే. మాలిబ్డినం ఆక్సైడు 795 డిగ్రీలకు కరుగుతుంది, అంతకు ముందే ఆవిరవడం మొదలుపెడుతుంది. పుట్టించే ప్రతి పొరకూ మాతృకలోంచి కొంత పదార్థం ఖర్చవుతుంది. గది ఉష్ణోగ్రతలో ఆక్సైడు పుట్టదు కాబట్టి, యంత్రం చల్లగా మొదలయ్యే తొలి నిమిషాల్లో కాపు లేదు. యంత్రాలు తరచు దెబ్బతినేది ఆ నిమిషాల్లోనే.

మూడో పక్షం: కూర్పు కంటే కట్టడం

ఎంత కలిపామన్నది కాదు, ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యమని మూడో పక్షం అంటుంది. 1990లో క్లెగ్ బృందం సిలికాన్ కార్బైడ్ రేకుల మధ్య పల్చని గ్రాఫైట్ పూసి కాల్చి, పగులు నేరుగా దూసుకుపోకుండా ప్రతి పొర దగ్గరా పక్కకు మళ్లేలా చేసింది. దాంతో ఆ పెళుసు పదార్థాన్ని విరగ్గొట్టడానికి కావలసిన శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. వారి ఉద్దేశం దృఢత్వమే తప్ప కందెన కాదు. అయితే బలహీనపు పొరను చెల్లాచెదురుగా వదలకుండా వరసగా పేర్చితే అది లోపం కాక బలమవుతుందన్న సూత్రం కందెన పరిశోధకుల చేతికి అందింది. చైనాలో లాన్‌జౌ రసాయన భౌతిక శాస్త్ర సంస్థ పరిశోధకులు ముత్యపు చిప్ప లోపలి పొరల తీరును అనుసరించి అల్యూమినానూ గ్రాఫైట్‌నూ, అల్యూమినానూ మాలిబ్డినాన్నీ పొరలు పొరలుగా పేర్చి, బలం పెద్దగా పోకుండానే ఘర్షణ తగ్గించగలిగారు.

ఇదే పక్షంలో ఇంకో దారి, ప్రతి కందెన రేణువుకూ అల్యూమినా తొడుగు వేయడం; తొడుగు కాల్పులో కందెనను కాపాడుతుంది, రాపిడిలో పగిలి దాన్ని విడుదల చేస్తుంది. మరో దారి, సిరామిక్‌ను విడిగా కాల్చి, లేజరుతో సూక్ష్మమైన గుంటలు తొలిచి, వాటిలో మాలిబ్డినం డైసల్ఫైడ్ నింపడం. ఈ చివరి పద్ధతిలో కందెన కాల్పు వేడిని చూడనే చూడదు, కానీ గుంట లోతెంతో నిల్వ అంతే. ఆ మేరకు ఇది పూత లోపాన్ని కొంత వెనక్కి తెచ్చుకున్నట్టే.

పొరల కట్టడానికి దిక్కు ఉంటుంది. పొరలకు అడ్డంగా జారితే ఒక ఘర్షణ, వెంబడి జారితే మరొకటి. గుండ్రంగా అన్ని వైపులకూ తిరిగే బేరింగు గుండ్లకు ఇది నప్పదు. ఒకే దిక్కున పనిచేసే కోత పనిముట్టుకూ, సీలు వలయానికీ నప్పుతుంది.

కొత్త పలకలు, పాత ప్రశ్నలు

గ్రాఫైట్‌లోని ఒకే ఒక్క పలక అయిన గ్రాఫీన్ వచ్చాక మూడు పక్షాలూ దాన్ని తమలో కలుపుకున్నాయి. 2011లో అరిజోనా విశ్వవిద్యాలయ బృందం సిలికాన్ నైట్రైడులో 1.5 శాతం గ్రాఫీన్ కలిపి, పగులు నిరోధకతను 2.8 నుంచి 6.6 ప్రమాణాలకు పెంచినట్టు ప్రకటించింది. రెట్టింపుకు మించిన పెరుగుదలే. కానీ బాగా తయారైన సిలికాన్ నైట్రైడుకు గ్రాఫీన్ లేకుండానే 5 నుంచి 8 దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే, ఆ పెరుగుదలను కొంత నిదానంగా చదవాలి. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో బార్సూమ్ 1996లో వెలుగులోకి తెచ్చిన టైటేనియం సిలికాన్ కార్బైడ్ కథా ఇటువంటిదే: ఒక్క స్ఫటికపు పలక తలం మీద ఘర్షణ అత్యల్పం, ముద్దగా చేసి పరీక్షిస్తే రేణువులు ఊడివచ్చి రాపిడి పదార్థంగా మారి ఘర్షణ సాదా సిరామిక్ స్థాయికి చేరుతుంది.

కొలతల చిక్కు

ఎక్కువ ప్రయోగశాలలు తిరిగే బిళ్ల మీద గుండును ఆనించి, అరగంటో గంటో తిప్పి, ఘర్షణ సగటును ప్రకటిస్తాయి. ఆ గంటలో సంయుక్తం అరిగిందా, గుండు అరిగిందా అన్నది చాలాసార్లు చెప్పరు. తేమ ఎంతో రాయరు. సిలికాన్ నైట్రైడ్ మీద సిలికాన్ నైట్రైడ్ పొడిగా ఎంత మొరటుగా జారుతుందో తెలిసిందే. అదే జతను నీటిలో ఉంచితే తలం రసాయనికంగా నునుపుదేలి, ఘర్షణ 0.002 కిందికి దిగుతుందని తొమిజావా, ఫిషర్ 1987లోనే చూపారు. కందెన ఏదీ కలపకుండానే ఇంత తేడా రాగలిగినప్పుడు, తేమను నమోదు చేయని పరీక్షలో కందెన ఘనత ఎంతో, గాలి ఘనత ఎంతో ఎవరు చెప్పగలరు?

ఫ్రాన్సుకు చెందిన మోరిస్ గోడే 1984లో ప్రతిపాదించిన మూడో వస్తువు దృక్పథం ఇక్కడ దారి చూపుతుంది. రాసుకునే రెండు తలాల మధ్య చిక్కుకున్న పొడినీ పొరనూ అతడు విడి వస్తువుగా లెక్కించి, అది పుట్టే వేగం, తిరిగే వేగం, బయటికి పోయే వేగం అన్న మూడింటి జమాఖర్చుగా అరుగుదలను చూడమన్నాడు. స్వయం కందెన సంయుక్తం నిజానికి ఈ జమాఖర్చును నడిపే పదార్థమే. పుట్టే వేగం తక్కువైతే తలం ఎండిపోతుంది. ఎక్కువైతే కందెన కోసం సిరామిక్ తనను తాను తినేస్తుంది. ఒక న్యూటన్ బలంతో ఒక మీటరు జారినప్పుడు పోయే పదార్థం ఘన మిల్లీమీటరులో పది లక్షలవ వంతుకు మించకూడదన్నది పరిశోధకులు సాధారణంగా పెట్టుకునే గురి. ఆ గురిని చేరకుండా, ఘర్షణ 0.3 వచ్చిందని చెప్పుకునే సంయుక్తం వాడకానికి పనికిరాదు.

మూడు పక్షాల తారతమ్యం

ఈ కొలబద్దతో చూస్తే మొదటి పక్షం ఉష్ణోగ్రతల విస్తృతిలో ముందుంది, బలంలో వెనకబడింది. రెండో పక్షం నిల్వ సమస్యను తప్పించుకున్నా, చల్లని ఆరంభానికి జవాబు చెప్పలేకపోయింది. మూడో పక్షం బలాన్ని కాపాడింది గానీ, తయారీ ఖర్చునూ దిక్కు పరిమితినీ నెత్తికెత్తుకుంది. నేటి మెరుగైన ప్రయోగాలు ఏ పక్షానికీ కట్టుబడి లేవు. జిర్కోనియాలో మాలిబ్డినం డైసల్ఫైడునూ కాల్షియం ఫ్లోరైడునూ కలిపి, గది ఉష్ణోగ్రత నుంచి 1000 డిగ్రీల దాకా ఒకటి వదిలిన చోట మరొకటి అందుకునేలా చూసిన లాన్‌జౌ ప్రయత్నం అలాంటిది. కోత పనిముట్ల విషయంలో మొదటి, మూడో పక్షాల కలయిక ఇప్పటికే నిలబడింది. వేడి ఇంజన్ల బేరింగుల విషయంలో శుద్ధ సిరామిక్ సంయుక్తం లోహ బంధకపు మిశ్రమాలను ఇంకా దాటలేదనే చెప్పాలి.

తేలనివి

అన్నిటికంటే మొండి సమస్య 300 నుంచి 500 డిగ్రీల మధ్య ఉంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ అప్పటికే ఆక్సీకరణకు లోనవుతుంది, ఫ్లోరైడులు ఇంకా మెత్తబడవు. వెండి ఆ ఖాళీని పూరిస్తుంది గానీ సింటరింగ్‌లో నిలవదు. నిమిషానికి వంద డిగ్రీల వేగంతో వేడెక్కించి నిమిషాల్లో పని ముగించే స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ ఈ నష్టాన్ని తగ్గించింది, పూర్తిగా తీర్చలేదు. 2016 నుంచి పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రాండల్ బృందం 300 డిగ్రీల లోపే కొద్దిపాటి ద్రవం, ఒత్తిడి సాయంతో సిరామిక్‌ను చిక్కబరిచే చల్లని సింటరింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది. అల్యూమినా, సిలికాన్ నైట్రైడ్ వంటి మొండి పదార్థాలు దానికి లొంగితే తయారీలోని వైరుధ్యం సగం విడిపోతుంది.

రెండో సమస్య, కందెన సరఫరాను ముందుగా లెక్కగట్టే సూత్రం లేకపోవడం. రేణువు పరిమాణం, మోతాదు, బరువు, వేగం ఇస్తే పొర మందం ఎంతో, ఎంతకాలం నిలుస్తుందో చెప్పగల నమూనా వచ్చే వరకు ప్రతి కొత్త మిశ్రమమూ ఊహించి, కాల్చి, చూసే పనిగానే సాగుతుంది. మూడోది ఆరోగ్యం: ఒకప్పుడు మంచి అధికోష్ణ కందెనగా పేరుపొందిన సీసపు ఆక్సైడును విషగుణం వల్ల వదులుకోవలసి వచ్చింది, రాలిపడే ఫ్లోరైడ్, క్రోమియం పొడుల మీద అంత శ్రద్ధ ఇంకా పెట్టలేదు.

పొడి లోహశాస్త్రానికీ సిరామిక్ తయారీకీ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ వంటి జాతీయ సంస్థ ఉన్న హైదరాబాద్ పరిశోధకులు, ఆ విభాగాల్లో పట్టాలు పొందుతున్న విద్యార్థులు ఈ రంగంలో అడుగుపెట్టేటప్పుడు మరో కొత్త మిశ్రమాన్ని జాబితాకు చేర్చడంతో తృప్తిపడకూడదు. ప్రతి పరీక్షలోనూ రెండు తలాల అరుగుదలనూ విడివిడిగా కొలిచి, గాలిలో తేమ ఎంతో నమోదు చేసి, గంటతో ఆపకుండా పొర తెగిపోయే దాకా నడిపి, ఆ సమయాన్ని ప్రకటించాలి. విఫలమైన మిశ్రమాల లెక్కలను కూడా దాచకుండా ప్రచురించాలి.